అన్న గీకిన రికార్డులు

తెల్లవారినప్పటి నుంచి ముసురు. నేల మెత్తగా ఉందని ఆ రోజు మిరప మొక్కలు నాటిస్తున్నాను. జఫర్‌గఢ్ దగ్గర మా చెలకలో కూలీలు ముందు, మొక్కల కట్టలు అందిస్తూ వాళ్ల వెనక నేను. భూపాలపల్లి నుంచి మేనల్లుడు ఫోన్ చేశాడు.

"అత్తా, బాపు పోయిండు. పొద్దుగాల చాయ్ తాగి మంచంల ఒరిగిండు, గంతే."

మిగిలిన సాళ్లు నాటించి బయలుదేరాను. పీకిన మొక్క మర్నాటిదాకా ఆగదు. అన్న ఉన్నా అదే చెప్పేవాడు, ఇంకొంచెం కటువుగా.

అన్న మంచివాడని రాయలేను. నాకు మేలు చేశాడని మాత్రం రాయగలను. మాది డోర్నకల్ పక్క పల్లె. నాయిన నన్ను బడి మాన్పించబోతే అన్నే అడ్డుపడ్డాడు.

"దీన్ని కలుపుకు తోలితే మొక్క పీకుతది, గడ్డి ఉంచుతది. బడికన్నా పోనియ్యి నాయినా, పంట దక్కుతది."

ఇంట్లో అందరూ నవ్వారు. నేను ఏడ్చాను. ఆ మాట పుణ్యాన చదువుకుని జనగామలో టీచరునయ్యాను. ఇప్పటికీ ఆ మాట మీదే పెన్షను తింటున్నాను.

అన్న ఎవరింట్లో వాయిద్యం కనబడినా అడగకుండా అందుకుని శ్రుతి చేసేవాడు. తీగలు లుంగీ అంచుతో తుడిచి, "ఇగ పాడుచేసుకో" అని తిరిగి ఇచ్చేవాడు. వయసులో ఉన్నప్పటి గిటారు పోయాక మళ్లీ కొనుక్కోలేదు. ఎందుకని అడిగితే "ఇనేటోడెవడున్నడు?" అనేవాడు. పాడేవాళ్లను మెచ్చుకోగా నేను వినలేదు. నా పెళ్లిలో మా ఆడబిడ్డ గొంతెత్తగానే, "జర ఆగు చెల్లె, తాళి కట్టినంక పాడు. ఇప్పుడే పాడితే పిలగాడు పారిపోతడు" అన్నాడు. ఆమె మళ్లీ ఏ పెళ్లిలోనూ పాడలేదు.

గిటారు నేర్చుకున్నది డోర్నకల్ చర్చిలో పాటలు నేర్పే పెద్దాయన దగ్గర. మా పల్లె పిల్లలతో జట్టు కట్టాడు. రైల్వే కాలనీలో ఇంకో గిటార్ జట్టు ఉండేది. దాన్ని నడిపేది గార్డు గారి కొడుకు. వాళ్లది బెజవాడ వైపు. ఇద్దరిదీ ఒకే ఈడు. ఒకరి తీగ తెగితే ఇంకొకరు ఇచ్చేవారు. విడిగా రికార్డు వేయించే తాహతు ఏ జట్టుకూ లేదు. అందుకని కలిసి మద్రాసు వెళ్లి ఒక చిన్న రికార్డు చేయించారు. ఒక వైపు అన్న పాట, రెండో వైపు వాళ్ల పాట. వంద కాపీలే అచ్చు.

అన్న పాట మా అమ్మ నాట్లప్పుడు మా యాసలో పాడే బాణీ. అమ్మను మేము అవ్వ అనేవాళ్లం. అన్న మైకు ముందు పాడుతుంటే గార్డు కొడుకు, "ఒరేయ్, వీడి పాటకి తెలుగులో అర్థం కూడా అట్ట మీద వేయించాలిరా" అన్నాడట. అక్కడివాళ్లంతా నవ్వారట. తనూ నవ్వానని అన్న మాకు చెప్పాడు. చెప్పేటప్పుడు నవ్వలేదు.

రికార్డుల పెట్టె రైలు దిగేసరికి అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం మా దాకా వచ్చింది. కాలనీలో బెజవాడ వైపు వాళ్లు పగలే తలుపులు వేసుకుంటున్నారు. మానుకోటలో సభ పెట్టారు. అన్న పాటను సభలో మైకుసెట్టు మీద వేస్తామని, రికార్డులు ఊరూరికీ పంపుతామని సభవాళ్లు మాటిచ్చారు. అన్నకు అంతకంటే కావలసింది లేదు. వాళ్లు ఒకటే మెలిక పెట్టారు.

"రెండో దిక్కు ఆళ్ల పాట ఉన్నదట గదనే. గది ఉంచుకొని మన సభకెట్ల తెస్తవు?"

"గీకేస్త" అన్నాడు అన్న. ఆలోచించలేదు.

వాకిట్లో గోనెసంచి పరిచాడు. తన పాట కిందికి, వాళ్ల పాట పైకి వచ్చేలా రికార్డు పెట్టి కొడవలి మొనతో గీకడం మొదలుపెట్టాడు. అప్పుడు గార్డు కొడుకు వచ్చాడు.

"సగం నావి. ఇచ్చెయ్యి."

"పొమ్మన్నోళ్లకు పంపకమేందిరా?"

"పోనీ ఒక్కటివ్వు. అమ్మ వింటానంటోంది."

"మీ అమ్మకు నువ్వే పాడి ఇనిపియ్యి. అర్థం గూడ నువ్వే చెప్పు."

గార్డు కొడుకు గొంతుకూర్చుని, గీకిన రికార్డు ఒకటి తీసి, తిప్పి అడుగు వైపు చూశాడు. ఆ గోనె కల్లంలో వాడినది, పోగుల నిండా సన్న ఇసుక. రికార్డును ఉన్నది ఉన్నట్టు బోర్లించి పెట్టాడు. అతనేం చూశాడో నాకు అప్పుడు తెలియలేదు.

"ఇలా పైపైన గీకితే పాట వినబడుతూనే ఉంటుంది" అన్నాడు. "అదిమి గీకు."

"నాకు నేర్పుతున్నవా?"

"నేర్పుతున్నా."

అన్న మోకాలు మోపి, అదిమి గీకాడు. పెట్టె ఖాళీ అయ్యేదాకా గార్డు కొడుకు కదలలేదు. నేను మంచినీళ్లిస్తే తాగి, చెంబు నా చేతికే ఇచ్చి వెళ్లాడు.

మర్నాడే సభ. అవ్వా నేనూ కూడా వెళ్లాం. తన బాణీ మైకులో వస్తుందని అవ్వ ముందు వరసలో కూర్చుంది. మైకుసెట్టాయన రికార్డు మీద ముల్లు పెట్టాడు. గరగర. ఇంకోటి వేశాడు. అదీ గరగరే. పెట్టెలో ఏది తీసినా అంతే.

"ఏందే, బియ్యం చెరుగుతున్నరా?" అని ఎవరో అరిచారు. జనం గొల్లుమన్నారు.

సభవాళ్లలో ఒకాయన అన్న భుజం పట్టుకున్నాడు. "ఆళ్లది గీకమంటే నీది గూడ గీకినవు గదనే!"

అన్న ఒక రికార్డు తీసి ఎండకు పెట్టి చూశాడు. తన పాట వైపు నిండా గోనె ఇసుక గీసిన సన్న గీతలు. అవ్వ "ఏమైందిరా కొడుకా?" అని అడుగుతూనే ఉంది. అన్న వేదిక దిగి స్టేషనుకు నడిచాడు. మేము వెనక పరుగెత్తాం.

డోర్నకల్‌లో దిగి నేరుగా కాలనీకి వెళ్లాడు. దారిలో కంచెకున్న కర్ర ఒకటి పీకి పట్టుకున్నాడు. గార్డు గారి క్వార్టర్‌కు తాళం వేసి ఉంది. పక్కింటామె తలుపు సందులోంచి చెప్పింది. గార్డు గారు, ఆయన భార్య, కొడుకు ఆ పొద్దున బెజవాడ పాసింజరుకు వెళ్లిపోయారు.