చూడకుండా దంచిన పచ్చడి

నా చిన్నప్పుడు మా బందరు ఇంట్లో మనిషి ముఖాన్ని పొలం పంచినట్టు పంచేవారు. పురిటి బిడ్డను చాపమీద పడుకోబెట్టగానే చుట్టాలంతా గొలుసు పట్టుకుని దిగిన సర్వేయర్లలా చేరి, ముక్కు ఎవరిది, నుదురు ఎవరిది అని హద్దులు తేల్చేవారు. ఆ పంపకాలకు పెద్ద మా నాయనమ్మ. ఆవిడ తీర్పు ప్రకారం నా ముక్కు, నుదురు, లెక్కల్లో తెలివి మా నాన్నవైపువి. చేటంత చెవులు, ఈడ్చుకుంటూ నడిచే నడక, అన్నం ముందు పెట్టుకుని కునికిపాట్లు పడటం మాత్రం దివిసీమవి. దివిసీమ అంటే మా అమ్మ పుట్టిల్లు. ఏళ్ల తరబడి ఇవి వినీ వినీ అమ్మ ముఖంలో ఒక అలసట, గిన్నె అడుగున మసిలాగా, తోమినా పోకుండా ఉండిపోయింది. అది ఎవరి పోలికో ఎవరూ తేల్చలేదు.

ఆ ఏడు పండుమిరపకాయ పచ్చడికి నాయనమ్మ గంపెడు కాయలు తెప్పించింది. గంపెడంటే చిన్నమాట. ఆ గంప దించేటప్పుడు రిక్షా ముందు చక్రం గాల్లోకి లేచిందని మా వీధిలో చాలాకాలం చెప్పుకున్నారు, చెప్పింది ఎక్కువగా నేనే. పండుకాయల్లో పచ్చివి కలిసే వస్తాయి. వాటిని ఏరి పారేస్తేనే పచ్చడికి ఎరుపు, రుచి. నాయనమ్మ కళ్లకు శుక్లాలు. అమ్మ చింతపండులో ఈనెలు తీస్తోంది. ఏరే పని నాకు పడింది. నేను ఏరాను. పెళ్లిచూపుల్లో కూడా నేను దేన్నీ అంత శ్రద్ధగా చూడలేదు. నేను ఇచ్చింది ఇచ్చినట్టు నాయనమ్మ రోట్లో పోసి, పక్కవీధి గోడలు బీటలు వారేలా దంచి, ఉప్పూ చింతపండూ చేర్చి జాడీకెత్తింది.

మూడోనాడు తిరగమోత పెట్టి వడ్డించారు. నాన్న ముద్ద నోట్లో పెట్టుకుని, కాసేపు నమిలి, "అమ్మా, ఇది గోంగూరా?" అన్నారు.

నాయనమ్మ అరుపు మంగినపూడి దాకా వెళ్లి, అక్కడ సముద్రం ఉండబట్టి ఆగింది. "కళ్లు కనపడని ముసలిదాన్నని ఆట పట్టించాడు వెధవ! ఏడాది పచ్చడి పసరు చేశాడు! ఇదెవరి పోలికో నేను చెప్పాలా?" అంటూ విసనకర్ర తిరగేసి పట్టుకుంది. ఎర్రవే ఏరానని నేను ఏడుస్తూ ఒట్టు వేశాను. ఒట్టు కూడా అబద్ధమే అనుకుని ఆవిడ ఇంకో రెండు వేసింది.

ఆ గోలకి పక్కింటి అక్క గోడ మీదుగా తొంగి చూసింది. బందరులోనే డిగ్రీ చదువుతూ, జువాలజీ కోసం కప్పల్ని కోసే మనిషని మాకు ఆవిడంటే భయం. వచ్చి తన కుట్టుపెట్టె తెరిచి, ఎర్రదారం తియ్యమంది. తీశాను. నాన్న చూసి తల పట్టుకున్నారు. అది ఆకుపచ్చ. అక్క నా తల నిమిరి, "వీడు ఆట పట్టించలేదు మామ్మగారూ, వీడికి ఆ రెండు రంగులూ ఒకేలా కనపడతాయి" అంది. తరువాత అమ్మవైపు తిరిగి, పుట్టింట్లో ఎవరికైనా ఇలా ఉందా అని అడిగింది.

అమ్మ ఇరుకున పడింది. ఉందంటే నాయనమ్మ గెలిచినట్టు. ఇక ఆ ఇంట్లో బతికినన్నాళ్లూ అదే పాట. లేదంటే నేను అబద్ధాలకోరునవుతాను. నా వీపు మీద విసనకర్ర వాతలు చూసి, పమిట సర్దుకుని, నేలచూపులు చూస్తూ చెప్పింది. మా దివిసీమ తాతయ్య ఒకసారి ఎడ్ల కొమ్ములకు రంగు వేస్తూ, ఒక కొమ్ముకి ఎరుపు, ఒక కొమ్ముకి ఆకుపచ్చ వేసి, రెండూ ఒకటేనని ఊరందరితో పోట్లాడారట.

"చెప్పానా!" అని నాయనమ్మ లేచి నిలబడింది. మోకాళ్ల నొప్పి కూడా మరిచిపోయింది.

అక్క అరుగు మీద కూర్చుని ఓపిగ్గా చెప్పింది. మన ఒంట్లో క్రోమోజోములని ఉంటాయి, వాటిలో పోలికలు మోసే జన్యువులుంటాయి. ఆడవాళ్లకు ఎక్స్ అనేవి రెండు, మగవాళ్లకు ఒక ఎక్స్, ఒక వై. రంగులు చూపించే జన్యువు ఎక్స్ మీద ఉంటుంది. అమ్మకి ఒక ఎక్స్‌లో లోటున్నా రెండోది కాపాడింది. మగపిల్లవాడికి అమ్మ ఇచ్చే ఎక్స్ ఒక్కటే, దాంట్లో లోటుంటే కాపాడేది లేదు.

"మరి మావాడు ఏమిచ్చినట్టు?"

"ఇందులో అయితే వై ఇచ్చారండీ. అది చాలా చిన్నది."

నాయనమ్మకి ఆ మాట మిరపకాయ కంటే ఘాటుగా తగిలింది. "చిన్నదా పెద్దదా నాకెందుకే. తప్పు ఆ వైపుదా కాదా?"

"మామ్మగారూ, పచ్చికాయలు పడ్డాయని తెలిసే దంచారా మీరు?"

"తెలిస్తే ఎందుకు దంచుతానే? కనపడక దంచాను."

"ఈవిడా అంతేగా. రెండిట్లో ఏది ఇస్తోందో చూసి ఇవ్వలేదు. వాళ్ల నాన్నా చూసి ఇవ్వలేదు."

నాయనమ్మ విసనకర్ర కింద పెట్టింది. ఆ మధ్యాహ్నం అమ్మ ఆఖరున కంచం ముందు కూర్చుంటే, నాయనమ్మ తడుముకుంటూ వచ్చి నేతిగిన్నె పక్కన పెట్టి, "కాస్త ఎక్కువ వేసుకో, పసరు తెలియదు" అంది. ఆవిడ క్షమాపణ అంతవరకే. ఆ జాడీని ఏడాదంతా తిన్నాం.

ఇప్పుడు బజారుకెళ్తే టమాటాలు మా అమ్మాయి ఏరుతుంది, నేను సంచీ మోస్తాను. నాకున్న ఎక్స్ ఒక్కటే కనక దానికి అదే ఇచ్చి ఉంటాను, రేపు దానికి కొడుకు పుడితే వాడికీ రావచ్చు. పురిటి చాప చుట్టూ సర్వేయర్లు ఇంకా దిగుతూనే ఉన్నారు. వాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు. అందుకే మొన్న, వాళ్లెవరో చెప్పేలోగా, దానికి నేనే అంతా చెప్పాను. నేలచూపులు చూడకుండా చెప్పడానికి ప్రయత్నించాను.

అంతా విని, "పచ్చడి తినగలిగారా నాన్నా?" అంది.

"నెయ్యి వేసుకుంటే తెలియలేదమ్మా" అన్నాను.