అందరూ ఒక్కసారే చావరు

మా మేనబావ వనపర్తిలో కార్ల ఎలక్ట్రీషియన్. వినయం ఆయన ఒంటికి పడేది కాదు. బండి ఎంత మొండికేసినా ఆయన మొదటి మాట ఒకటే: "అందరు ఒక్కసారే సస్తరా?"

కార్లలోకి కంప్యూటర్లు వచ్చిన కొత్తలో, నేను పట్టుబట్టి కొనిపించిన కారు దసరా వెళ్లిన కొన్నాళ్లకు ఆగిపోయింది. బావ వచ్చి తప్పు చూపే స్కానర్ పెడితే లోపలి కంప్యూటర్ డబ్బాల్లో ఒక్కటీ పలకలేదు. ఇదే సందని మా ఆయన కారు అమ్మేద్దామని ఆత్మకూరు నుంచి బేరగాణ్ణి పిలిపించాడు.

"ఇంజను డబ్బా పోయింది బావా, మార్చెయ్" అన్నాను.

"జర ఆగు మరదలా! అందరు ఒక్కసారే సస్తరా? అన్నిటికీ ఒకటే తీగ. ఎవడో ఒకడు దాని మీద అడ్డం పడి, మిగిలినోళ్లను మాట్లాడనిస్తలేడు."

ఒక్కో డబ్బా ప్లగ్గు పీకుతూ స్కానర్ చూశాడు. బ్రేకుల డబ్బా పీకగానే మిగతావన్నీ పలికాయి. ఆ ప్లగ్గు నిండా పచ్చటి చిలుము. ఆయుధపూజ నాడు మా ఆయన బానెట్ ఎత్తి, ఇంజను మీదే కొబ్బరినీళ్లు పోశాడు.

"ఏందన్నా, దేవునికి తాపుమంటే బ్రేకులకు తాపినవ్?" అన్నాడు బావ మా ఆయనతో.

చిలుము గీకి బిగించగానే కారు స్టార్టయింది. బేరగాణ్ణి అందులోనే తీసుకెళ్లి ఆత్మకూరు బస్సెక్కించాను. ముందు సీట్లో బావ రాజాలా కూర్చున్నాడు. నడిపింది మాత్రం నేనే.