ఏడు ఆదివారాల ఖాళీ గళ్ళు

ఒక పాదం, ఒక కంటి చూపు, ఊపిరి పీల్చకుండానే పుట్టిన ఒక ఆడబిడ్డ. మొన్న క్లినిక్‌లో నా చేతికి రూపాయి బిళ్ళంత యంత్రం అతికించి, ఇక వేలు పొడుచుకోనక్కర్లేదు, పుస్తకంలో రాసుకోనక్కర్లేదు, షుగర్ నంబరు దానంతటదే ఫోన్‌లోకి వస్తుందని నర్సు చెబుతుంటే, నేను తలూపుతూనే లోపల ఈ లెక్క వేసుకున్నాను. మూడూ ఒకే ఇంట్లో పోయాయి, మూడింటి వెనకా షుగరే ఉంది.

సమోవా దీవుల నుంచి వచ్చి, లాస్ ఏంజెలెస్‌కి దక్షిణాన స్థిరపడిన ఒక పాస్టరు గారి ఇల్లది. పాదం పాస్టరమ్మది, కన్ను ఆయనది, బిడ్డ వాళ్ళ కూతురి తొలి కాన్పుది. మేం ఈ దేశం వచ్చిన కొత్తలో మా తెలుగు సంఘానికి సొంత చర్చి లేకపోతే, ఆదివారం మూడు గంటలకి వాళ్ళ హాలు మాకిచ్చేవారు. మేం వెళ్ళేసరికి కొబ్బరిపాలలో ఉడికిన చేమాకుల వాసన ఇంకా గాల్లోనే ఉండేది. మా గోదావరి వైపు ఆడవాళ్ళకి ఆ వాసనే వాళ్ళతో మొదటి చుట్టరికం.

నా వీసా మీద ఉద్యోగం చేసే వీల్లేదు. చదువు ఇంటర్‌తో ఆగినా, సగటులూ గ్రాఫులూ పాత పుస్తకాలు ముందేసుకుని సొంతంగా నేర్చుకున్నదాన్ని. పాస్టరమ్మ కూతురు రెండోసారి గర్భవతి అయితే, ఆమెను క్లినిక్‌కి కారులో తీసుకెళ్ళే పని నేనే అడిగి తీసుకున్నాను. అప్పుడే ఆమె షుగర్ పుస్తకం చూశాను. రోజుకి నాలుగు గళ్ళు. అన్నీ నిండే ఉన్నాయి, ఆదివారం మధ్యాహ్నం భోజనం తర్వాతి గడి తప్ప. ఏడు ఆదివారాలు, ఏడు ఖాళీలు. ఖాళీ కనిపించినప్పుడల్లా అక్కడి నర్సు ఆమె ఫైల్లో ‘చెప్పింది వినని రోగి’ అని ఎక్కించేది. ఏడు సార్లు.

ఆ మాట ఎనిమిదోసారి పడకూడదని నేనొక పని చేశాను. శనివారం అంకెనీ సోమవారం అంకెనీ కలిపి, సగం చేసి, ఆదివారం గడిలో రాశాను. రెండు రోజుల మధ్య రోజు వాటి మధ్యలోనే ఉంటుందని నమ్మాను మరి. ఎనిమిదో వారం 124, తొమ్మిదో వారం 131. నర్సు ఆమె భుజం తట్టి మెచ్చుకుంది.

పదో ఆదివారం తొందరగా వెళ్ళి, హాలు వెనక వంటగదిలోకి తొంగిచూస్తే తెలిసింది. వాళ్ళలో చిన్నవాళ్ళు పెద్దలకి వడ్డించి, వాళ్ళు చేతులు కడిగాకే తింటారు. కడుపుతో ఉన్న ఆ పిల్ల మిగిలినది నిలబడి గబగబా తిని, వెంటనే తెల్లబట్టల్లో వెళ్ళి పాటల వరసలో నిలబడాలి. పెద్దలు కూర్చుని ఉండగా పక్కకెళ్ళడం వాళ్ళలో పెద్ద తప్పు.

“ఆంటీ, మా అమ్మ ముందు నేను లేచి వెళ్ళనా? నర్సుకి చెబితే, పార్టీ మానుకోమంది. ఇది పార్టీనా?” అంది.

ఆ రోజు పాట అయ్యాక బలవంతాన పక్కకి తీసుకెళ్ళి వేలు పొడిపించాను. 212. నేను వేసిన సగటులు చూసి డాక్టరు ఇన్సులిన్ పెంచకుండా వదిలేశారు. ఒక బిడ్డ పోయిన ఇంట్లో రెండో బిడ్డ మీద నేను చక్కని దస్తూరీతో అబద్ధం రాశాను.

మర్నాడే క్లినిక్‌కి వెళ్ళి ఒప్పుకుంటానంటే మావారు కంగారుపడ్డారు. “వీసా మీద ఉన్నామే! ఏమన్నా ఇష్యూ అయితే? సైలెంట్‌గా ఉండొచ్చుగా!”

“లెక్క తప్పింది నాదండీ,” అని కారు తాళాలు తీసుకున్నాను.

ఒప్పుకున్నాను. ఇన్సులిన్ పెంచారు. తర్వాత పాస్టరమ్మకి అంతా చెప్పాను. ఆ ఆదివారం భోజనం కాగానే చక్రాల కుర్చీని హాలు మధ్యకి తోయించుకుని, అందరూ చూస్తుండగా మీటరు అడిగింది.

“ఈ కాలు పోతే అందరూ ఏడ్చారు. ఒక్క చుక్క నెత్తురంటే సిగ్గా?” అని పొడుచుకుంది. 287. “పెద్దదాన్ని కదా, నంబరూ పెద్దదే!” అని గట్టిగా నవ్వింది. పెద్దావిడే మొదలుపెట్టాక చిన్నవాళ్ళకి అడ్డేముంది? అప్పటినుంచి భోజనాలయ్యాక చేతులు కడిగే గిన్నెలతో పాటు మీటరూ హాల్లో తిరిగింది, కూతురు కూర్చుని తింది. మూడింటికి వచ్చిన మా తెలుగు పెద్దలూ, “నాకు షుగర్ లేదమ్మా, బోర్డర్‌లో ఉంది, అంతే,” అంటూనే వేళ్ళు చాపారు.

బిడ్డ ఏడుస్తూ పుట్టాడు. హాలంతా వినబడే గొంతు, ఇప్పటికీ అంతే.

నేను రాసిన రెండు దొంగ అంకెల్నీ క్లినిక్ వాళ్ళు ఆ రోజే కొట్టేశారు. ఆ తల్లి మీద రాసిన ఏడు మాటల్ని మాత్రం కొట్టేయలేదు. వాటినీ కొట్టేయమని వాడి ప్రతి పుట్టినరోజుకీ క్లినిక్‌కి ఉత్తరం రాస్తున్నాను, పదకొండయ్యాయి, పరిశీలిస్తున్నామని జవాబొస్తుంది. ఇప్పుడు మాకు సొంత చర్చి ఉంది, పక్క హాలు నుంచి చేమాకుల వాసన రాదు. నా చేతి మీది యంత్రం ఏ గడీ ఖాళీగా వదలదట, ఆ వేళకి ఎవరు ఎవరికి వడ్డిస్తున్నారో దానికి తెలియనే తెలియదు. పన్నెండో ఉత్తరం బల్ల మీద ఉంది. అందులోనూ అదే అంకె వేశాను.

ఏడు.