హార్బరులో వినిపించిన నా గొంతు

దెయ్యాల కథలు చెప్పేవాళ్లను నేను ఆటపట్టించేవాణ్ణి. విశాఖ ఫిషింగ్ హార్బరులో ఒకటోసారి, రెండోసారి అని అరుస్తూ చేపల వేలంపాట నడపడం నా పని. సముద్రం మీద ఏదో కనిపించిందని ఎవరైనా బోటు దిగి చెబితే, ముందు ఇంటికెళ్లి నిద్రపొమ్మనేవాణ్ణి. ఇప్పుడూ దెయ్యాలను నమ్మను. ఇది జరిగింది నా విషయంలోనే అయినా, నేను మాత్రం ఏమీ చూడలేదు, ఏమీ వినలేదు.

నా అంగిట్లో ఊదారంగు మచ్చలు వచ్చాయి. నొప్పి లేదు. సీతమ్మధారలో పళ్ల డాక్టరు చూసి రక్తపరీక్షలు రాశారు, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. హెచ్‌ఐవీ ఉందని, ఆ మచ్చలు కపోసి సార్కోమా అనే క్యాన్సర్ అని తేలింది. నా భార్య సత్యవతికి పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. ఇదెలా వచ్చిందని ఆమె నన్ను అడగలేదు. హెచ్‌ఐవీ మాత్రల వేళ మాత్రం తప్పనిచ్చేది కాదు.

మాత్రలు మొదలుపెట్టాక తగ్గుతాయనుకున్న మచ్చలు పెరిగాయి. గొంతులోకీ దిగాయి. ఇక మానేస్తానన్నాను. ఒంట్లో రోగాన్ని ఎదిరించే శక్తి తిరిగి వచ్చేటప్పుడు కొందరికి జబ్బు ఇలా ఎగదన్నుతుందని, మానితేనే ప్రమాదమని మాత్రలిచ్చే ఆసుపత్రిలో డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పారు. కీమో కూడా ఇద్దామన్నారు. ఊపిరి తీస్తుంటే ఈల శబ్దం వస్తే వెంటనే వచ్చేయమన్నారు.

అప్పటికే నా గొంతు పోయింది. వేలం షెడ్డంతా వినిపించేది గుసగుసగా మిగిలింది.

మొదటి కీమోకి ముందురోజు మధ్యాహ్నం సత్యవతి పనికి వెళ్లింది. కునుకు తీసి లేచేసరికి గాలి అందడం లేదు. మంచం దిగబోయి నేల మీద పడ్డాను. ఫోను వంటగదిలో ఛార్జింగులో ఉంది. పక్కింటివాళ్లను పిలుద్దామంటే నోట్లోంచి శబ్దమే రాలేదు. ఆ తర్వాత నాకు గుర్తున్నది మా బావ మొహం.

అప్పలరాజు బావ మా అక్క భర్త. యారాడలో ఉంటాడు. ఎలా వచ్చాడో తర్వాత ఆసుపత్రిలో చెప్పాడు.

"ఇంజిను సామాను కోసం హార్బరుకొచ్చాను. షెడ్డులోంచి నీ పాట ఇనిపించింది. ఒకటోసారి, రెండోసారి అంతన్నావ్. గొంతు బాగైపోయినా మాకు సెప్పనేదని కోపమొచ్చింది. లోపలికెళ్లి సూత్తే నువ్వు నేవు. నేల కడుగుతన్నారు."

మూలన బుట్టలు సర్దుకుంటున్న నూకాలమ్మను అడిగాడట. ఏళ్ల తరబడి నా వేలంలో చేపలు కొన్న మనిషి ఆమె.

"ఇప్పుడే గదా పాడినాడు. మూడోసారి అననేదు. ఏ పక్కనున్నాడా అని నానూ సూత్తన్నాను," అందట.

బావకు మనసు ఒప్పక ఆటో ఎక్కి మా ఇంటికి వచ్చి, తలుపు తోసి చూస్తే నేను నేల మీద ఉన్నాను. అదే ఆటోలో నన్ను ఆసుపత్రికి చేర్చాడు. డాక్టర్లు మెడ దగ్గర రంధ్రం చేసి గొట్టం పెట్టారు.

తర్వాత కీమో ఎక్కింది. మచ్చలు మెల్లగా వెలిసిపోయాయి, గొట్టం తీసేశారు. మాత్రలు ఇప్పటికీ వేసుకుంటున్నాను.

ఆక్సిజన్ తగ్గితే మెదడుకు లేనివి వినిపిస్తాయని డాక్టరమ్మ అన్నారు. నిజమే అయ్యుంటుంది. కానీ ఆక్సిజన్ తగ్గింది నాకు, విన్నది వాళ్లు. ఎవరైనా నా పాత వేలంపాట రికార్డు ఫోనులో పెట్టారేమోనని హార్బరంతా అడిగించాను. ఎవరి దగ్గరా లేదు. నేల మీద పడి ఉన్నప్పుడు నేను హార్బరును తలచుకున్నానా అంటే అదీ లేదు. తలుపుకు గడియ పెట్టానా లేదా అన్నదొక్కటే నా ఆలోచన.

గొంతు తిరిగొచ్చింది గానీ బొంగురుగా ఉంది. మొన్న హార్బరుకు వెళ్లి నూకాలమ్మను పలకరించాను. ఆమె బుట్ట దించింది.

"ఇది నీ గొంతు కాదు రవణా. ఆ రోజు ఇన్నదే నీది."

"మరి ఆ రోజు పాడిందెవరక్కా?"

"నువ్వే గదా."

నేనప్పుడు ఇంట్లో పడి ఉన్నానని ఆమెకూ తెలుసు. ఆమె దించిన బుట్ట ఎత్తి తల మీద పెట్టాను. ఆమె మాట నిజమో కాదో ఇంకా తేల్చుకోలేదు.