తెగిన దారం, ఎర్రలైటు

మనిషికీ యంత్రానికీ జరిగిన మహాయుద్ధం గురించి చెప్పబోతున్నాను. నిజానికి అది అల్లూరు దగ్గర మా వలల ఫ్యాక్టరీలో, టీ చల్లారేలోపే అయిపోయింది. యుద్ధమనడం కొంచెం ఎక్కువే.

వల నేసే మిషన్ మీద దారం తెగితే కనిపెట్టి ఆపేది ఒక అక్క. సముద్రం మీద బతికే ఇంటి మనిషి. వలను కాలి బొటనవేలికి తగిలించి, చూడకుండానే తెగిన చోటు చెప్పేది. ఆ పనికి సెన్సర్ తెచ్చారు. అది సరిగ్గా పనిచేస్తే రేపటి నుంచి రానక్కర్లేదని మేనేజరు ఆమెకు చెప్పేశాడు.

ఆ రోజు పొద్దున్నుంచి నాకు కాలు నిలవలేదు. ఊరికే నీళ్లు తాగుతూ తిరిగాను. అక్క మాత్రం అందరికీ ఎండుచేపల వేపుడు పంచుతోంది.

“వీడ్కోలు విందా అక్కా?” అన్నాను.

“రాత్రిది మిగిలింది అబ్బయ్యా. తిను.”

ఇంతలో దారం తెగింది. మిషన్ ఆగి ఎర్రలైటు వెలిగింది. సెన్సర్ బిగించిన ఇంజనీరు చప్పట్లు కొట్టాడు, ఒక్కడే. లైటు వెలుగుతూనే ఉంది.

“ఇప్పుడేం చేయాల?” అన్నాడు మేనేజరు.

“ముడి వేయాలండీ,” అన్నాడు ఇంజనీరు.

తనే వేశాడు. మిషన్ కదలగానే జారిపోయింది. మళ్లీ వేశాడు, మళ్లీ జారింది.

అక్క చేతులు తుడుచుకుని వచ్చింది. “బూట్ల తాడు ముడి నైలానుకు నిలుస్తాదా సారూ? జరగండి.”

ఆమె వేసిన ముడి నిలిచింది.

“రేపు మామూలు టైముకే రామ్మా,” అన్నాడు మేనేజరు.

తెగిన దారాన్ని మిషన్ దగ్గరుండే ఆపరేటరే ముడి వేసుకోవాలని సెన్సర్‌తో వచ్చిన పుస్తకంలో మూడో పేజీలోనే ఉంది.