ముందొచ్చినవాళ్లు

హైటెక్ సిటీ మేడలు లేస్తున్న రోజుల్లో అక్కడి కూలీల గుడిసెల్లో వాంతులు, విరేచనాలు ప్రబలాయి. మాదాపూర్ బస్సులో నా పక్కన కూర్చున్న నర్సు ఒడిలో నాలుగే సెలైన్ సీసాలున్నాయి. పడకేసినవాళ్లు ముప్పైమందట.

"ముందొచ్చినవాళ్లకే ఇవ్వాలి. వరసంటే వరసే" అన్నాను, ఆమె అడక్కపోయినా.

"ముందుగాల వచ్చెటోళ్లంటే నడవగలిగెటోళ్లే కదక్కా. వాళ్లకు ఉప్పు చక్కెర కలిపిన నీళ్లు సాలు. సీసా ఇయ్యలేదని నన్ను తిడ్తరు. తిట్టెటోళ్లతోని ఫికర్ లేదు. సప్పుడు లేని గుడిసెకే ముందుగాల పోత."

నన్ను ఎగాదిగా చూసి నవ్వింది. "ఇంత నోరున్న మీకైతే సీసా రాదక్కా."

ఆమె సీసాలు గుండెకు హత్తుకుని గుడిసెల దగ్గర దిగిపోయింది.

ఇప్పటికీ ఏ క్యూలోనైనా గొంతు పెంచబోయే ముందు వెనక్కి తిరిగి, నోరెత్తకుండా నిలబడ్డదెవరో చూస్తాను.