వసుమతి రైఫిల్

వసుమతి అమెరికాలోని కాపెల్ అనే ఊళ్లో ఫార్మసిస్టు. నలభై మూడేళ్ల వయసులో, 2011లో, జింకల వేటకు లైసెన్సు తీసుకుని సొంత రైఫిల్ కొనుక్కుంది. తెలుగువాళ్ల పార్టీల్లో "ఇదేం పోయేకాలం?" అని బుగ్గలు నొక్కుకున్నవాళ్ల ప్లేట్లలో మటన్ ఉండేది.

ఆ శనివారం రైఫిల్ మీద స్కోప్‌ని, అంటే గురి చూసే దుర్భిణిని, బిగించే రింగుల కోసం తుపాకుల దుకాణానికి వెళ్లింది. వెంట భర్త జగన్మోహన్. ఒక్కసారీ ట్రిగ్గర్ నొక్కని ఆ మనిషి వారం రోజులు రివ్యూలు చదివి, ఎత్తయిన రింగులు ఖాయం చేశాడు. ఆడమనిషి పక్కన మగవాడుంటే కొనేది మగవాడే అనుకునే దుకాణదారు, వాటిని రైఫిల్ మీద పెట్టి, వాటిలో స్కోప్ ఉంచి అతన్నే అడిగాడు.

"బిగించమంటారా, సార్?"

"రైఫిల్ నాది. నన్నడగండి," అంది వసుమతి.

ఖాళీ రైఫిల్ భుజానికెత్తి, కళ్లు మూసుకుని, రైఫిల్ వెనక చెక్క మీద చెంప ఆనించి కళ్లు తెరిచింది. స్కోప్‌లో చీకటే. తల పైకెత్తితే తప్ప ఏమీ కనబడలేదు.

"పొట్టి రింగులివ్వండి."

"వసూ, వీటికి ఫైవ్ స్టార్స్ ఉన్నాయి!"

"ఆ స్టార్స్ ఇచ్చినవాళ్ల మెడ నాకు లేదండీ."

"కాస్త సర్దుకుంటే అలవాటైపోతుంది, మేడం," అన్నాడు దుకాణదారు.

"ఇన్నేళ్లూ అన్నిటికీ సర్దుకున్నాను. దీనికి సర్దుకోను. గురి తప్పి, జింక గాయంతో కుంటుకుంటూ పోతే ఆ పాపం నాది, మీది కాదు."

పొట్టి రింగులు పెట్టించి, మళ్లీ అలాగే చెంప ఆనించి కళ్లు తెరవగానే స్కోప్ నిండా వెలుగు. జగన్మోహన్ ఫోన్ తీసి వాటి రివ్యూలు వెతకబోయాడు.

"అది జేబులో పెట్టండి," అని స్క్రూడ్రైవర్ తనే అందుకుంది.